పాఠకుల ప్రశ్నలు: ఆట మధ్యలో ఫ్రేములు ఎందుకు పడిపోతున్నాయి?

ప్రశ్న: మా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ఎన్‌విడియా కార్డు, 144 హెర్ట్జ్ తెర ఉన్నయి. జీటీఏ 5 మొదలుపెట్టంగనే 90 ఫ్రేములు చూపిస్తది. పావుగంటకు 40కి దిగుతది, మళ్ల 70కి ఎక్కుతది. ఫ్రేములు పెంచేదెట్ల?
– ఒక పాఠకుడు, బల్లార్షా

జవాబు: పెంచకండి, తగ్గించండి. ఫ్రేములంటే తెర మీద సెకనుకు మారే బొమ్మలు. మొదట్లో కనిపించే 90 చల్లగా ఉన్న యంత్రం చూపే అంకె. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ చిప్‌కీ కలిపి అవే రాగి గొట్టాలు, అవే ఫ్యాన్లు ఉంటాయి. ఒకటి కాగితే రెండోదీ కాగుతుంది. గ్రాఫిక్స్ చిప్ 87 డిగ్రీల దాపుకు, ప్రాసెసర్ 95–100కు చేరితే కాలిపోకుండా వేగం తగ్గించుకుంటాయి. కాస్త చల్లారగానే మళ్లీ పరుగందుకుంటాయి. ఎండాకాలంలో మీ వైపు గది గాలే 40 డిగ్రీలుంటే ఇక చెప్పేదేముంది! 90 ఫ్రేముల దగ్గర ఒక్కో బొమ్మ తెర మీద 11 మిల్లీసెకన్లు ఉంటుంది, 40 దగ్గర 25. కంటిని విసిగించేది ఈ ఎగుడుదిగుడే.

ముందు మీ యంత్రం ఎంత మోయగలదో చూడండి. మధ్యాహ్నం పూట, చార్జర్ పెట్టి, అరగంట ఆడండి. విండోస్ కీ, జీ కీ కలిపి నొక్కితే గేమ్ బార్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములో చెప్పే అంకె) కనిపిస్తుంది. బాగా వేడెక్కాక ఏ అంకె కిందికి పోవడం లేదో రాసుకోండి. ఆటలో ఎంఎస్‌ఏఏ (బొమ్మల అంచులను నునుపు చేసే సెట్టింగ్) తీసేసి, గడ్డి నాణ్యతను నార్మల్‌కు దించి మరోసారి కొలవండి. ఈ రెండూ ఆ ఆటలో తిండిపోతులు.

ఇప్పుడు, రాసుకున్న అంకె దాటకుండా ఫ్రేములకు పగ్గం వేయాలి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, మేనేజ్ 3డీ సెట్టింగ్స్‌లో ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌కు వెళ్లి, ఆటను ఎంచుకుని, మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ ఆన్ చేయండి. 144 హెర్ట్జ్ తెర సెకనుకు 144 సార్లు మారుతుంది కాబట్టి దానికి 72 గానీ 48 గానీ సరిగ్గా భాగం పోతాయి. 60 కావాలంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో తెరనే 60 హెర్ట్జ్‌కు మార్చండి, ఆ ఎంపిక కనిపిస్తేనే. తెరకు ఫ్రీసింక్ లేదా జీసింక్ (ఫ్రేములకు తగ్గట్టు తెర తన వేగం మార్చుకునే ఏర్పాటు) ఉంటే ఈ భాగాహారం అక్కర్లేదు, దాని పరిధిలో ఏ అంకైనా నునుపుగానే ఉంటుంది.

అప్పటికీ ప్రాసెసర్ కాగుతుంటే పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి, మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99 శాతానికి మార్చండి. ఆ ఒక్క శాతంతో టర్బో (ప్రాసెసర్ అదనపు వేగం) ఆగిపోతుంది, వేడి దిగుతుంది. ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడే ఆటల్లో మాత్రం ఫ్రేములు తగ్గుతాయి. అలాగైతే వెనక్కి మార్చేయండి.

గనుల ఊరు కాబట్టి ఇంకొకటి: బొగ్గు దుమ్ము ఫ్యాన్ వెనక జల్లెడలో మెత్తటి పొరలా పేరుకుంటుంది. ఆర్నెల్లకోసారి మెకానిక్‌తో తీయించండి. ఇంట్లో ఊదాల్సివస్తే, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పుల్లతో ఆపి ఊదండి. నీళ్ల కూలర్ ఎదురుగా మాత్రం పెట్టొద్దు, తుంపర లోపలికి పోతుంది.

ప్రశ్న: ఆడుతుండగా కరెంటు పోతే ఫ్రేములు టక్కున 30కి పడి అక్కడే ఉండిపోతున్నాయండీ. మా వీధిలో వోల్టేజీ తక్కువ, దానివల్లేనా?
– ఒక విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: వోల్టేజీ కాదండీ. అడాప్టర్ అడుగున ఉన్న చీటీ చదవండి, 100–240 వోల్ట్‌లు అని ఉంటుంది. 170 వచ్చినా దానికి ఫర్వాలేదు. సరిగ్గా 30 దగ్గరే ఆగిందంటే అది బ్యాటరీ ఆదా కోసం ఫ్రేములకు హద్దు పెట్టే ఎన్‌విడియా బ్యాటరీ బూస్ట్ పని అయ్యుండొచ్చు. దాన్ని ఆపితే అంకె కొంత పెరుగుతుంది గానీ, అడాప్టర్ ఇచ్చినంత శక్తిని బ్యాటరీ ఇవ్వలేదు, గంటలోపే ఖాళీ కావచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ల్యాప్‌టాప్ ప్లగ్గును దాని లైనులో పెట్టుకోండి. అది సైన్ వేవ్ రకమైతే (లైను కరెంటులాంటి కరెంటు ఇచ్చేదైతే) మేలు.

ప్రశ్న: విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. 11వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్. ఐరిస్ ఎక్స్‌ఈ అని చెప్పి అమ్మారు, లోపల చూస్తే యూహెచ్‌డీ అని ఉంది. మోసపోయామా?
– ఒక గృహిణి, రాయగడ

జవాబు: మోసం కాకపోవచ్చు. ఈ రెండూ ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ పేర్లు. ర్యామ్ ఒకే ముక్కగా ఉంటే ఐరిస్ ఎక్స్‌ఈ చిప్‌కే డ్రైవర్ యూహెచ్‌డీ అని పేరు చూపిస్తుంది. ఇలాంటి చిప్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకే ముక్క అంటే ఒకే దారి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూడండి. స్లాట్లు 2లో 1 వాడినట్టుంటే అదే రకం, అదే వేగం ఉన్న ఇంకో 8 జీబీ ముక్క వేయించండి. పేరూ మారుతుంది, ఫ్రేములూ పెరుగుతాయి. కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు చేయాల్సిన పని ఇదే. ర్యామ్ బోర్డుకే అతికించి, ఖాళీ స్లాటు లేకపోతే రిజల్యూషన్ 1920×1080 నుంచి 1280×720కి దించండి. చిప్ గీయాల్సిన చుక్కలు 20.7 లక్షల నుంచి 9.2 లక్షలకు తగ్గుతాయి.

ప్రశ్న: వాలరెంట్‌లో 60 ఫ్రేములు వస్తున్నయి, పింగ్ 120. ఫ్రేములు పెంచితే పింగ్ తగ్గుతదా?
– ఒక పాఠకుడు, సిరోంచ

జవాబు: తగ్గదు. పింగ్ అంటే మీ ఇంటి నుంచి సర్వర్‌కు కబురు వెళ్లి తిరిగొచ్చే సమయం, అది నెట్‌వర్క్ సంగతి. ఆటలో ముంబై సర్వర్ ఎంచుకున్నారో లేదో చూడండి. మొబైల్ హాట్‌స్పాట్ వాడుతుంటే ఫోన్‌ను కిటికీ దగ్గర పెట్టి, యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు కలపండి.