రెండు రూపాయల వడ్డీతో సినిమానా?

ప్రశ్న: నా వయసు 36. విజయవాడలో ప్రైవేటు కళాశాల అధ్యాపకుడిని. జీతం 52 వేలు, ఇంటి ఖర్చు 34 వేలు, బ్యాంకులో 4 లక్షల డిపాజిట్ ఉంది. భార్య గృహిణి, పాప మూడో తరగతి. పదేళ్లుగా వైజ్ఞానిక కల్పన రాస్తున్నాను, రెండు లఘుచిత్రాలు తీశాను. కృష్ణా నది ఎండిపోయాక ప్రకాశం బ్యారేజీ గేట్ల కింద జనం కాపురాలు పెట్టే నా నవల హక్కులకు ఒక నిర్మాత 3 లక్షలు ఇస్తానంటున్నారు. సంతకం వచ్చే వారం. అది కాదని, ఉద్యోగం మానేసి, రెండు రూపాయల వడ్డీకి 15 లక్షలు తెచ్చి నేనే సినిమా తీస్తే?

జవాబు: కుటుంబ కథ అయితే మేనమామగారి ఇంట్లోనైనా తీయవచ్చు. ఎండిన కృష్ణను ఎక్కడ తీస్తారు? వేసవిలో బ్యారేజీ దిగువన ఇసుకే కదా అంటారేమో. నిజమే, కానీ కెమెరా ఎగువకు తిప్పగానే నీళ్లు కనిపిస్తాయి. వాటిని చెరిపేందుకు గ్రాఫిక్స్ వాళ్లకు కట్టాలి. నవలగా రాసినప్పుడు ఈ ఖర్చు లేదు.

అప్పు లెక్క చూద్దాం. 15 లక్షలకు నెలకు 30 వేలు వడ్డీ. విడుదలకు ఏడాదిన్నర పడితే 5 లక్షల 40 వేలు వడ్డీకే పోతాయి, అసలు అలాగే ఉంటుంది. జీతం ఆగుతుంది కాబట్టి ఇంటి ఖర్చుతో కలిపి నెలకు 64 వేలు కావాలి. మీ డిపాజిట్ ఏడో నెల దాటదు. ఆ పరిస్థితిలో గాంధీనగర్‌లో సినిమా పంపిణీదారుల ఆఫీసు మెట్లెక్కితే, నెత్తిన వడ్డీ ఉన్నవాడు ఎంతకైనా ఇచ్చేస్తాడని ఎదుటివారికి ఇట్టే తెలిసిపోతుంది. ఇంతకీ ఈ లెక్క మీ శ్రీమతికి చూపించారా?

నవల సంగతి వేరు. కాపీరైటు మీ జీవితకాలం, ఆ తరువాత మరో 60 ఏళ్లు ఉంటుంది. అంటే అది మీ పాపకు కూడా ఆస్తే. ఒప్పందంలో 'సమస్త హక్కులు శాశ్వతంగా' అన్న మాట ఉంటే కొట్టేయించండి. తెలుగు సినిమా హక్కు మాత్రమే ఇచ్చి, అనువాదం, ఆడియో, వెబ్ సిరీస్ మీ దగ్గరే ఉంచుకోండి. గడువు రాయకపోతే చట్టం అయిదేళ్లుగా లెక్కిస్తుంది. హక్కు కొన్నవారు ఏడాదిలోపు వాడుకోకపోతే అది రద్దవుతుంది, కానీ ఒప్పందంలో మరోలా రాసుకోనంతవరకే. ఆ 'మరోలా' అన్నది ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి. థియేటర్ ప్రదర్శన మినహా మిగతా వినియోగాలపై మీ రాయల్టీ వాటాను వదులుకున్నట్టు రాయించుకున్నా కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ తరువాత అది చెల్లదు. మాటలు కూడా మీరే రాస్తే దానికి వేరే పారితోషికం అడగండి. రచయితలు మొహమాటపడి పోగొట్టుకునేది ఇక్కడే.

3 లక్షల్లో పది శాతం టీడీఎస్, అంటే నిర్మాత ముందే కోసి కట్టే పన్ను, పోగా 2 లక్షల 70 వేలు చేతికొస్తాయి. కోసిన 30 వేలను రిటర్నులో సర్దుకోవచ్చు. ముందుగా ముగ్గురికీ సొంత ఆరోగ్య బీమా తీసుకోండి. కళాశాల ఇచ్చే బీమా ఉంటే అది ఉద్యోగంతోనే పోతుంది. లక్ష రూపాయలతో నవలలో ఒక్క అధ్యాయాన్ని లఘుచిత్రంగా తీయండి, గ్రాఫిక్స్ అక్కర్లేని అధ్యాయాన్ని. మిగిలింది డిపాజిట్‌లో కలపండి. ఇప్పుడున్న 4 లక్షలు దాదాపు ఏడాది ఇంటి ఖర్చు, వాటి జోలికి వెళ్లకండి.

రాతల మీద, చిత్రాల మీద వచ్చే ఆదాయం వరుసగా రెండేళ్లు ఏటా 4 లక్షల 8 వేలు, అంటే మీ ఏడాది ఇంటి ఖర్చు, దాటితే, అప్పుడు రాజీనామా గురించి మళ్లీ రాయండి. ప్రస్తుతానికి ఆ సంతకాన్ని ఓ పదిహేను రోజులు వాయిదా వేయించి, ముసాయిదాను న్యాయవాదికి చూపించండి.