డ్రయ్యర్ మానేసి బట్టలు దండెం మీద ఆరేస్తే కరెంటు నిజంగా మిగులుతుందా?

డ్రయ్యర్ ఆపేస్తే చెప్పుకోదగ్గంత కరెంటు మిగులుతుందా, ఇంట్లో ఆరేసిన బట్టలకు ముక్కిన వాసన ఎందుకొస్తుంది అని అడిగారు. నేను డ్రయ్యర్ దాదాపుగా మానేసి మూడేళ్లు దాటింది. కరెంటు మిగిలే మాట నిజమే. వాసన సంగతి తెలుసుకోవడానికే నాకు ఏడాది పట్టింది.

మొదట్లో అనుమానం తీరక, ఉతికిన బట్టలన్నీ సంచిలో వేసి లగేజీ తూచే చిన్న కాటాకు తగిలించాను. ఆరాక మళ్లీ తూచాను. తేడా మూడు కిలోలు! అంటే మూడు లీటర్ల నీళ్లు. లీటరు నీటిని ఆవిరి చేయాలంటేనే 0.6 యూనిట్లకు పైగా కావాలి. మామూలు డ్రయ్యర్ ఒక్కో లోడ్‌కు 2 నుంచి 4 యూనిట్లు లాగేది అందుకే. వేడిని బయటికి వదిలేయకుండా మళ్లీ వాడుకునే హీట్ పంప్ రకం డ్రయ్యర్‌కు సుమారు సగం చాలు.

అయితే డ్రయ్యర్ వాడేవాళ్లకైనా అసలు కిటుకు వాషింగ్ మెషిన్ స్పిన్‌లో ఉంది. నీటిని గిరగిరా తిప్పి వదిలించడానికయ్యే కరెంటు, కాచి వదిలించడానికయ్యేదాంట్లో చాలా చిన్న వంతు. స్పిన్ వేగం నిమిషానికి 800 చుట్ల మీద పెట్టేదాన్ని, 1200కి మార్చాక జీన్స్ ఒక పూట ముందే ఆరుతోంది. పట్టు, ఉన్ని బట్టలకు మాత్రం ఇంత స్పీడు వద్దు.

ఇక వాసన. బట్ట గంటల తరబడి తడిగా ఉంటే బాక్టీరియా పెరుగుతుంది, వాసన దానిదే. చోటు చాలక తువ్వాళ్లను రెండు మడతలేసి, ఒకదానికొకటి ఆనించి ఆరేసేదాన్ని. పైకి ఆరినట్టే ఉండేవి. మడతలో చెయ్యి పెడితే చల్లగా తగిలేది. చల్లగా ఉందంటే ఇంకా తడి ఉన్నట్టే. ఇప్పుడు బట్టకూ బట్టకూ మధ్య బెత్తెడు ఖాళీ వదిలి, ఫ్యాన్ వేసి, కిటికీ తెరుస్తాను. ఎండ కన్నా గాలే ముఖ్యం. బట్టను అంటుకుని ఉన్న తేమ గాలి కదిలితేనే లోపలి తడి బయటికొస్తుంది. 50 వాట్ల ఫ్యాన్ పది గంటలు తిరిగినా అర యూనిట్టే. కిటికీ మూసేశారో, ఆ మూడు లీటర్లూ గోడలకు పట్టి బూజు మొదలవుతుంది. మా బెడ్‌రూమ్ మూల అలాగే నల్లబడింది.

తువ్వాళ్లు అట్టల్లా బిగుసుకుపోతున్నాయా? ఆరేసే ముందు గట్టిగా నాలుగుసార్లు విదిలించండి. పూర్తిగా కాకపోయినా చాలావరకు తగ్గుతుంది. రంగు బట్టలైతే ఎండలో తిరగేసి వేయాలి.

వారం పాటు వాన పట్టినప్పుడు మాత్రం దుప్పట్లకు నేనూ డ్రయ్యర్ వేస్తాను. కాకపోతే ముందు రాత్రంతా దండెం మీద ఉంచుతాను. అప్పటికే ముప్పాతిక వంతు ఆరి ఉంటాయి కాబట్టి ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది.