పేరు పెట్టే ముందు ఆకారం చూడు

నెల్లూరు

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

ఒంగోలు నుంచి నువ్వు పంపిన పన్నెండు కాంతి వక్రాలూ, అంటే తార వెలుగు వేళతో పాటు ఎలా మారుతుందో చూపే గీతలు, చూశాను. తార రకానికి కంప్యూటర్ ఏ పేరు చెబితే ఆ పేరే రాసేశావు. అది కాలం, అంటే వెలుగు ఒక చుట్టు మారడానికి పట్టే సమయం, లెక్క బాగానే కడుతుంది, ఏ తారకు కడుతున్నదో మాత్రం దానికి పట్టదు.

ఏడవదాన్ని మళ్లీ తియ్యి. కాలం 0.31 రోజు, వక్రం నున్నటి అల. కనుక ఆర్‌ఆర్ లైరే, అంటే ఉబ్బి కుంగుతూ వెలుగు మార్చే ఒక రకం తార, అన్నావు. ఒకదాన్నొకటి అంటుకుని తిరిగే జంట తారలూ అచ్చం ఇలాగే కనిపిస్తాయి. జంట ఒక చుట్టులో రెండుసార్లు మసకబారుతుంది, కనుక కాలాన్ని రెట్టింపు చేసి 0.62 రోజుకు గీసి చూడు. రెండు లోయల లోతులో తేడా ఉంటే అది జంటే. అప్పటికీ తేలకపోతే రంగు చూడు. ఉబ్బి కుంగే తార వెలిగినప్పుడు నీలి వైపు, మసకబారినప్పుడు ఎరుపు వైపు జరుగుతుంది. అంటుకున్న జంట రంగు దాదాపు మారదు.

రోజూ ఒకే వేళకు చూడకు. ఒకసారి నేను మూడు వారాలు రాత్రి తొమ్మిదికే చూసి, ఆ తార మారడం లేదని రాసుకున్నాను. దాని కాలం ఇంచుమించు సగం రోజు, రోజూ ఆ వేళకు అదే వెలుగులో చిక్కింది! ఆ నోటుపుస్తకం ఇప్పటికీ దాచుకున్నాను, పొగరు దిగడానికి.

సెఫీడ్ల దగ్గర, అంటే రోజుల తరబడి కాలంతో ఉబ్బి కుంగే తారల దగ్గర, తప్పు ఇంకా ఖరీదు. కాలం పెరిగేకొద్దీ వాటి కాంతి పెరుగుతుందని 1912లో ఖగోళ శాస్త్రవేత్త హెన్రియెట్టా లెవిట్ చిన్న మెగెల్లానిక్ మేఘం అనే దగ్గరి గెలాక్సీలోని 25 తారలతో చూపింది. ఆ అసలు కాంతిని మనకు కనిపించే కాంతితో పోల్చి దూరం కడతాం. కానీ రెండో రకం సెఫీడ్లు, అంటే తక్కువ ద్రవ్యరాశి గల ముసలి తారలు, అదే కాలానికి సుమారు 1.5 ప్రకాశ పరిమాణాలు మసక (ఇది తార వెలుగు కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు). వాటిని మొదటి రకంలో వేశావా, దూరం రెట్టింపు పలుకుతుంది. మహామహులే ఈ రెండింటినీ కలిపేశారు. 1952లో ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాడే విడదీశాక ఆండ్రోమెడా గెలాక్సీ దూరం సుమారు రెండింతలైంది. దారిలోని ధూళి కూడా తారను మసకబరుస్తుంది, దాన్ని తీసివేయడం మరువకు.

దసరా సెలవులకు వచ్చెయ్యి, వానలు పట్టకముందే ఉదయగిరి వెళ్దాం. మైపాడు వద్దు, రొయ్యల చెరువుల దీపాలతో అక్కడ ఆకాశం తెల్లబడింది. శ్రవణ నక్షత్రానికి (ఆల్టెయిర్) తిన్నగా దక్షిణాన ఈటా అక్విలే అనే సెఫీడ్ ఉంటుంది. 7.18 రోజుల్లో దాని వెలుగు 3.5 ప్రకాశ పరిమాణం నుంచి 4.4 దాకా దిగి మళ్లీ లేస్తుంది. దిగే దారిలో చిన్న మెట్టు ఉంటుంది, అది కంటికి చిక్కకపోవచ్చు. శ్రవణం పక్కనున్న దక్షిణపు తారతో పోల్చి, వారం పాటు నీ చేత్తోనే వక్రం గీయాలి. టార్చికి ఎర్ర కాగితం చుట్టి తెచ్చుకో.

మీ పెదనాన్న