అమ్మాయికి 17, వేలూరు తీసుకెళ్లి పెళ్లి చేస్తే కేసవుతుందా?

ప్రశ్న: మాది పలమనేరు. మా తమ్ముడికి 21, వాడు ఇష్టపడిన అమ్మాయికి 17, ఇంటర్ రెండో సంవత్సరం. తనే వస్తానంటోంది. తమిళనాడులో రూల్ వేరని, జర్మనీలో 14 ఏళ్లకే తప్పు లేదని ఫ్రెండ్స్ అంటున్నారు. వేలూరులో పెళ్లి చేసేయొచ్చా?

జవాబు: ఆ పని మాత్రం చేయొద్దండీ. జర్మనీలో 14 అన్నది నిజమే, కానీ అది శారీరక సంబంధానికి ఒప్పుకోలు చెల్లే వయసు, పెళ్లి వయసు కాదు. ఇంగ్లండులో 16, జపాన్‌లో 2023 దాకా 13 ఉండేది, ఇప్పుడు 16. అమెరికాలో రాష్ట్రానికో లెక్క: కాలిఫోర్నియాలో 18, న్యూయార్క్‌లో 17, జార్జియాలో 16. ఇక్కడా అలాగే అనుకున్నట్టున్నారు మీ ఫ్రెండ్స్. మనకు పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన చట్టం) పార్లమెంటు చేసింది, కాబట్టి ఆ వయసు చిత్తూరులో ఎంతో వేలూరులోనూ కోలారులోనూ అంతే, 18. 2012కు ముందు 16 ఉండేది, ఆ పాత లెక్కే పట్టుకుని పంచాయితీలు చెప్పే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు.

"ఇష్టంగానే వచ్చింది" అనే మాట కోర్టులో నిలవదు, 18 లోపు అమ్మాయి ఒప్పుకోలుకు చట్టం దృష్టిలో విలువ లేదు. అమ్మానాన్నల అనుమతి లేకుండా తీసుకెళ్తే కిడ్నాప్, శారీరక సంబంధం ఉంటే పోక్సో కింద కనీసం 10 ఏళ్లు, గర్భం వస్తే కనీసం 20. పెళ్లి చేసుకున్నాం కదా అనడానికీ లేదు, 2017లో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. రెండు కుటుంబాలూ ఒప్పుకున్నా అది బాల్య వివాహమే, పెళ్లి చేయించిన అయ్యవారి మీదా కేసే. ఇంట్లోవాళ్లు కంప్లైంట్ ఇవ్వరులే అని ధీమా వద్దు, విషయం తెలిసిన డాక్టర్ పోలీసులకు చెప్పి తీరాలి.

ఇంకో మాట, బడిలో చేర్పించేటప్పుడు వయసు తగ్గించి రాయించాం, నిజానికి 18 నిండాయి అని చాలామంది చెప్తుంటారు. కోర్టు ముందుగా చూసేది పదో తరగతి సర్టిఫికెట్‌లోని పుట్టిన తేదీ. అది ఉంటే వయసు తేల్చే ఎముకల పరీక్ష దాకా పోరు.

ఆ తేదీ లెక్కన అమ్మాయికి 18 నిండేదాకా ఆగమనండి మీ తమ్ముణ్ని. ఈలోగా అమ్మాయికి ఇంట్లో బలవంతంగా వేరే పెళ్లి చేస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయమనండి, మీవాడు మాత్రం బైక్ వేసుకుని వెళ్లకూడదు. ఆమెకు 18 నిండాక ఇద్దరూ కలిసి రిజిస్ట్రార్ ఆఫీసులో స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద నోటీసు ఇస్తే 30 రోజుల గడువు తర్వాత పెళ్లి చేసుకోవచ్చు.