అమెరికాలో రాష్ట్ర శాసనసభ్యుడు కౌంటీ (మన జిల్లా లాంటిది) పదవికి వస్తే స్థాయి తగ్గినట్టా?

కాదు, చాలాసార్లు చేతిలో పని పెరుగుతుంది. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన డౌ కాన్‌స్టంటైన్‌నే చూడండి. 1997లో రాష్ట్ర దిగువ సభకు వచ్చారు, తర్వాత సెనేట్, 2002 నుంచి కింగ్ కౌంటీ కౌన్సిల్. 2009లో కౌంటీ ఎగ్జిక్యూటివ్‌గా, అంటే కౌంటీ పాలనాధిపతిగా గెలిచారు. మన కలెక్టర్‌లా ఇది నియామకం కాదు, ఓటర్లు ఎన్నుకునే పదవి. దిగువ సభలో ఆయన 98 మందిలో ఒకరు. ఇక్కడ మాత్రం సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో మనవాళ్లెందరో ఎక్కే మెట్రో బస్సులు, ప్రజారోగ్యం, జైలు అన్నీ ఆయన కిందే నడిచాయి. రాష్ట్రంలో స్వలింగ వివాహ చట్టం అమల్లోకి వచ్చిన 2012 డిసెంబరు 6న, అర్ధరాత్రి దాటగానే ఆ జంటల పెళ్లి లైసెన్సుల మీద స్వయంగా సంతకాలు పెట్టారు. చట్టం మనిషి చేతికి అందేది ఇలాంటి చోటే. 2025లో ఆ పదవి వదిలి, రైళ్లు నడిపే సౌండ్ ట్రాన్సిట్‌కు సీఈఓగా వెళ్లారు.