పాట హిట్టయ్యేసరికి బ్యాండే లేదు

అరవైల్లో కొన్నేళ్ళు వెలిగి మాయమైపోయిన పాప్ బ్యాండ్లలో మీకు నచ్చింది ఏది, ఎందుకు పడిపోయింది అని కదా అడిగారు. నా ఓటు జాంబీస్‌కే. పాటల్లో దమ్ము లేక పోయారంటే నేను చచ్చినా ఒప్పుకోను, డబ్బు పంపకాల దగ్గరే పోయింది. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే కాకినాడ చుట్టుపక్కల రిసెప్షన్లకీ దసరా పందిళ్ళకీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించినవాణ్ణి నేను.

వీళ్ళు ఇంగ్లండ్‌లో సెయింట్ ఆల్బన్స్ కుర్రాళ్ళు. 1964లో లోకల్ పోటీ గెలిచి డెక్కా అనే రికార్డుల కంపెనీలో పడ్డారు, మొదటి పాట 'షీజ్ నాట్ దేర్' ఏకంగా అమెరికా హిట్ పాటల జాబితాలో 2వ నంబర్ దాకా ఎక్కింది, 1965లో 'టెల్ హర్ నో' 6వ నంబర్. అంతే, ఆ తర్వాత వేసినవన్నీ వచ్చినట్టే పోయాయి. పాటలు రాసేది కీబోర్డు రాడ్ ఆర్జెంట్, బేస్ క్రిస్ వైట్. రాసినవాళ్ళకి రాయల్టీ వస్తుంది, మిగతా ముగ్గురికీ ప్రోగ్రాం డబ్బులే గతి. మా దాంట్లో రాయల్టీలు ఎక్కడివి లెండి, సౌండ్ సిస్టం ఎవడిదైతే సగం వాడిది, మిగతా సగం మేమందరం పంచుకోవాలి, ఏ బ్యాండైనా చీలేది ఆ గీత మీదే.

1967లో అబ్బే రోడ్ స్టూడియోలో, విడిపోయే ముందు ఆఖరి ఆల్బం చేశారు, అదే 'ఒడెస్సీ అండ్ ఒరాకిల్'. బీటిల్స్ వాళ్ళు సార్జెంట్ పెప్పర్ ఆల్బం ముగించి వెళ్ళిన వెంటనే ఆ స్టూడియోలోనే, వాళ్ళు వదిలేసిన మెలోట్రాన్ (టేపుల మీద రికార్డు చేసిన వాయిద్యాల శబ్దాలు పలికించే కీబోర్డు) మీదే వాయించారట. బడ్జెట్ వెయ్యి పౌండ్లు. రెండు స్పీకర్లలో వినే స్టీరియో మిక్స్ కూడా కావాలని కంపెనీ అడిగితే, ఆ ఖర్చు ఆర్జెంట్, వైట్ సొంత జేబులోంచి పెట్టుకున్నారు. 'టైమ్ ఆఫ్ ద సీజన్' పాడేటప్పుడైతే సింగర్ కాలిన్ బ్లన్‌స్టన్‌కీ ఆర్జెంట్‌కీ పెద్ద గొడవ, అంత బాగా తెలిస్తే నువ్వే పాడుకో అన్నాడు కాలిన్, సింగర్‌వి నువ్వు, కుదిరేదాకా పాడు అన్నాడు ఆర్జెంట్.

అది చదివినప్పుడు మా పందిరి గొడవే గుర్తొచ్చింది నాకు. ఇంటర్వెల్‌లో మా సింగర్ "పాత బాకీ ఇస్తేనే మైకు పట్టుకుంటా" అని స్టేజీ దిగిపోయి జనరేటర్ పక్కన కూర్చున్నాడు, కింద జనం చిరంజీవి పాట చిరంజీవి పాట అని ఒకటే గోల, కమిటీ ప్రెసిడెంటు గారేమో డబ్బు సంగతి తప్ప అన్నీ మాట్లాడుతున్నారు, టీ తాగుతావా బాబూ అంటున్నారు, నేను ఒక్కణ్ణే ఏవేవో బిట్లు వాయిస్తూ కూర్చున్నా, నా పక్కన ప్యాడ్ కుర్రాడు ఏడుపు మొహం. చివరికి మా సౌండ్ ఓనరే జేబులోంచి తీసి వాడి చేతిలో పెట్టాడు. ఆ కోపంతో ఎక్కి పాడాడండీ, అలాంటి పాట వాడి గొంతులోంచి మళ్ళీ రాలేదు. కోపం మీద పాడితేనే గొంతు నిజం చెప్తుందని నా గట్టి నమ్మకం. ఇప్పుడు ట్రాక్ పెట్టుకుని పాడేవాళ్ళకి ఎవడి మీదా కోపం రాదు, అందుకే ఒక్కటీ గుర్తుండదు.

సరే, జాంబీస్. 1967 డిసెంబర్‌లో విడిపోయారు, 1968లో ఆల్బం బయటికొచ్చింది, కవర్ మీద ఒడిస్సీ స్పెల్లింగ్ కూడా తప్పే. అల్ కూపర్ అనే అమెరికన్ సంగీతకారుడు పట్టుబట్టి అమెరికాలో విడుదల చేయించాక 1969లో ఆ గొడవ పాట 'టైమ్ ఆఫ్ ద సీజనే' అక్కడ 3వ నంబర్! అప్పటికి కాలిన్ ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా. మళ్ళీ కలవండని అడిగినా కలవలేదు, ఆర్జెంట్ అప్పటికే తన పేరుతో ఇంకో బ్యాండ్ పెట్టుకున్నాడు.

బ్యాండ్ పేరు ఖాళీగా ఉందని అమెరికాలో ఒక కంపెనీ దొంగ జాంబీస్‌ని తయారుచేసి ఊళ్ళు తిప్పింది. అందులో ఇద్దరు తర్వాత జెడ్ జెడ్ టాప్ అనే అమెరికా రాక్ బ్యాండ్‌లో పెద్ద స్టార్లయ్యారు, డస్టీ హిల్, ఫ్రాంక్ బియర్డ్. మా ఆర్కెస్ట్రా పేరు కూడా మేం విడిపోయాక ఎవరో వాడేశారు, ఫ్లెక్సీ మీద నా ఫొటో కూడా ఉంది, వాయించేది ఎవడో నాకు తెలీదు. అడిగితే "పేరు మీ సొత్తా అన్నా" అన్నారు.

అసలు జాంబీస్‌కి 2019లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది. వినాలనుకుంటే ముందు 'కేర్ ఆఫ్ సెల్ 44' వినండి, జైల్లోంచి బయటికొస్తున్న ప్రేయసికి రాసే ఉత్తరం అది, హుషారుగా ఉంటుంది. 'ఒడెస్సీ అండ్ ఒరాకిల్' నుంచి దాన్ని సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా వదిలితే పట్టించుకున్నవాడే లేడు.