టెక్ ప్రశ్నలు – జవాబులు: తప్పు శుక్రవారానిది కాదు

ఏదైనా పెద్ద సైటు పడిపోతే చాలు, గంటలోపే ప్రోగ్రామర్ల గ్రూపుల్లో జోకులు మొదలవుతాయి. ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా వాటి మీదే. నవ్వొచ్చింది గానీ అసలేం జరిగిందో తెలియలేదని రాశారు. జోకు చాలాసార్లు నొప్పి కనబడిన చోటును చూపిస్తుంది, గాయమైన చోటును కాదు. అందుకే ఈ వారం గాయాల గురించే మాట్లాడదాం.

ప్రశ్న: మా తమ్ముడు కరీంనగర్ ఐటీ టవర్ల పనిచేస్తడు. 'శుక్రవారం డిప్లాయ్ చేసినోనికి శనివారం లేదు' అని స్టేటస్ పెట్టిండు. నేను ఒక ఎరువుల డీలర్ దగ్గర బిల్లింగ్ సిస్టములు చూసుకుంట. ఆ నియమం మాక్కూడా పనికొస్తదా?
– ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: డిప్లాయ్ అంటే కొత్త కోడ్‌ను వాడుకలోకి ఎక్కించడం. ఆ మాట పాతదే. 2024 జులై 19 తర్వాత మరీ ఎక్కువ వినబడుతోంది. ఆ శుక్రవారం మన టైము ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన ఫాల్కన్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపి, 10:57కి వెనక్కి తీసుకుంది. ఆ 78 నిమిషాల్లో దాన్ని అందుకున్న విండోస్ యంత్రాలు నీలి తెర పడి ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అవి దాదాపు 85 లక్షలు. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

కొత్త ఫైలు 21వ విలువను చూడమంది. యంత్రంలో ఉన్న కోడ్ అందించేవి 20 మాత్రమే. లేని ఇరవయ్యొకటో దాన్ని చదవబోయి మెమరీ హద్దు దాటింది. మామూలు ప్రోగ్రామ్ అయితే అదొక్కటే మూతపడి ఊరుకునేది. ఫాల్కన్ నడిచేది విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ లోపల కాబట్టి యంత్రమే కూలింది. అంతకుముందు పరీక్షల్లో ఆ 21వ చోట 'ఏదున్నా సరే' అనే గుర్తు పెట్టడంతో లోపం పైకి రాలేదు. వీటన్నిటి కన్నా పెద్ద తప్పు ఆ ఫైలును ఒకేసారి అందరికీ పంపడం. ఏనుమాముల మార్కెట్లో మిర్చి కొనేవాళ్లు బస్తాలోంచి గుప్పెడు తీసి చూడకుండా లాటు మొత్తం ఎత్తరు కదా.

వారంతో దీనికి సంబంధం లేదు. ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ఆగింది 2021 అక్టోబర్ 4న, సోమవారం. ఎన్నో సైట్లకు ముందు కాపలా ఉండే క్లౌడ్‌ఫ్లేర్ పడింది 2025 నవంబర్ 18న, మంగళవారం. శుక్రవారం వద్దనడంలో ఉన్న న్యాయమల్లా ఒకటే, మర్నాడు సరిచేసే మనిషి దొరకడు. మీకైతే సీజన్లో ఆదివారం కూడా బిల్లులుంటాయి. మీరు చూడాల్సింది సీజను, వారం కాదు.

పది కౌంటర్లు ఉన్నాయనుకోండి. అప్‌డేట్‌ను మొదట ఒక్కదాని మీద, గిరాకీ తక్కువుండే మధ్యాహ్నం వేళ ఎక్కించండి. ఒక బిల్లు కొట్టండి, ప్రింటు తీయండి, ఒక సరుకు వాపసు రాయండి, జీఎస్‌టీ రిపోర్టు తెరిచి చూడండి. ఆ రోజు లెక్క మూసే దాకా ఆగాలి, చాలా లోపాలు బయటపడేది అక్కడే. మర్నాడు ఇంకో మూడు కౌంటర్లకు, ఆ తర్వాత మిగతావాటికి. ముందే పాత ఇన్‌స్టాలర్‌నూ డేటాబేస్ బ్యాకప్‌నూ వేరే డిస్కులో ఉంచుకోండి. ఒక్క జాగ్రత్త: కొత్త వెర్షన్ డేటాబేస్ టేబుళ్లను కూడా మార్చితే పాత ప్రోగ్రామ్‌ను తిరిగి పెట్టినంత మాత్రాన పని జరగదు. బ్యాకప్ కూడా వెనక్కి వేయాలి, అప్పుడు మధ్యలో కొట్టిన బిల్లులు పోతాయి. కాబట్టి వెనక్కి వెళ్లాలా వద్దా అనేది తొలి గంటలోనే తేల్చుకోవాలి.

ఇంకొకటి తప్పకుండా చేయండి. జులై 19న మందు తెలిసినా చాలా చోట్ల యంత్రం యంత్రం దగ్గరికీ మనిషి వెళ్లాల్సి వచ్చింది. సేఫ్ మోడ్‌లో లేపి, విండోస్ డ్రైవర్స్ ఫోల్డర్‌లో క్రౌడ్‌స్ట్రైక్ అనే ఫోల్డర్ తెరిచి, సి-00000291తో మొదలయ్యే ఫైలు తీసేస్తే సరిపోయేది. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నచోట ముందు 48 అంకెల రికవరీ కీ కావాలి, అది చేతిలో లేనివాళ్లు అక్కడే ఆగిపోయారు. మీ యంత్రాల్లో కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ తెరిచి రికవరీ కీ బ్యాకప్ నొక్కండి. ప్రింటు తీసి, ఏ యంత్రానిదో రాసి బీరువాలో పెట్టండి. అదే కంప్యూటర్‌లో దాచుకుంటే పనికిరాదు.

ప్రశ్న: ఏ సైటు పడినా మా సీనియర్లు 'ఎప్పుడూ డీఎన్‌ఎస్సే' అని మీమ్ పెడతారు. మేము ఫెస్ట్ సైటును కొత్త హోస్టింగ్‌కు మార్చినప్పుడు కూడా సగం మందికి పాత పేజీయే కనబడింది. అదీ డీఎన్‌ఎస్సేనా?
– బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థిని, కాజీపేట

జవాబు: డీఎన్‌ఎస్ అంటే సైటు పేరు అడిగితే దాని సర్వర్ చిరునామా చెప్పే వ్యవస్థ. మీది డీఎన్‌ఎస్సే. పెద్ద వార్తల్లో మాత్రం ఎప్పుడూ కాదు.

2025 దీపావళి రోజు, అక్టోబర్ 20 మధ్యాహ్నం అమెజాన్ వెబ్ సర్వీసెస్ వర్జీనియా కేంద్రం దెబ్బతిన్నది. డైనమోడీబీ అనే డేటాబేస్ సేవ చిరునామాలను రాసే ఆటోమేటిక్ ప్రోగ్రాముల్లో ఒకటి వెనకబడి, కొత్త పట్టిక మీద పాత పట్టిక రాసేసింది. అదే సమయానికి ఇంకొకటి 'ఇది పాతది' అనుకుని ఆ పట్టికను తుడిచింది. పేరుంది, దాని ఎదురుగా ఒక్క చిరునామా లేదు. ఇక్కడ మీమ్ నిజమే. అయితే మన టైము మూడు కాకముందే డీఎన్‌ఎస్ బాగైనా, కొత్త సర్వర్లు మామూలుగా లేవడానికి అర్ధరాత్రి దాటింది. దాని మీద ఆధారపడ్డ పనులన్నీ ఒక్కసారిగా పేరుకుపోవడమే కారణం.

క్లౌడ్‌ఫ్లేర్ సంగతి వేరు. డేటాబేస్ అనుమతుల్లో చేసిన ఒక మార్పుతో, బాట్లను గుర్తుపట్టే ఫైలులో వరసలు రెండేసిసార్లు వచ్చి దాని సైజు రెట్టింపైంది. ఆ ఫైలు చదివే ప్రోగ్రామ్ 200 అంశాల దాకానే ఒప్పుకుంటుంది. హద్దు దాటగానే పాత ఫైలుతో నెట్టుకురాకుండా కుప్పకూలింది. ఫైలు అయిదు నిమిషాలకోసారి తయారవుతుంది, ఒకసారి మంచిది, ఒకసారి చెడ్డది వచ్చింది. సైట్లు పడుతూ లేస్తూ ఉండటంతో వాళ్లు మొదట ఎవరో దాడి చేస్తున్నారనుకున్నారు.

తేడా మీరే పట్టుకోవచ్చు. తెర మీద 500 లాంటి నంబరుతో లోపం పేజీ వచ్చిందంటే పేరు ఎవరో ఒకరి దగ్గరికి చేరినట్టే, డీఎన్‌ఎస్‌ను వదిలేయండి. పేజీయే రాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి సైటు పేరు ఇవ్వండి. తర్వాత అదే వరస చివర గూగుల్ డీఎన్‌ఎస్ చిరునామా 8.8.8.8 చేర్చి మళ్లీ కొట్టండి. రెండోదానికి జవాబొచ్చి మొదటిదానికి రాకపోతే మీ కాలేజీ లేదా మీ బ్రాడ్‌బ్యాండ్ డీఎన్‌ఎస్‌లో లోపం. పింగ్‌ను నమ్మొద్దు, చాలా సర్వర్లు దానికి కావాలనే బదులివ్వవు.

ఇక మీ ఫెస్ట్ సైటు. ప్రతి డీఎన్‌ఎస్ రికార్డుకూ టీటీఎల్ అని సెకన్లలో ఒక గడువుంటుంది. అది 86,400 అయితే పాత చిరునామాను ఒకసారి తెలుసుకున్న సర్వర్ రోజంతా దాన్నే చెబుతుంది. మార్చడానికి కనీసం ఒక రోజు ముందే టీటీఎల్‌ను 300కు దించండి. పాత గడువు తీరాక చిరునామా మార్చండి, పాత హోస్టింగ్‌ను ఇంకో రెండు రోజులు నడవనివ్వండి. అన్నీ కుదిరాక టీటీఎల్ మళ్లీ పెంచండి. మార్పు రోజునే టీటీఎల్ దించితే లాభం లేదు, ఎందుకంటే పాత గడువు అప్పటికే అందరి దగ్గరా నడుస్తుంటుంది. కొత్త పేరు పెడుతున్నప్పుడు రికార్డు చేర్చకముందే బ్రౌజర్‌లో కొట్టి చూడకండి. 'అలాంటి పేరు లేదు' అనే జవాబు కూడా కొంతసేపు గుర్తుండిపోతుంది.

ప్రశ్న: '2038 జనవరి 19 లోపు రిటైర్ అయిపోవాలి' అనే జోకు ఏమిటి?
– పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: పాత సిస్టములు 1970 జనవరి 1 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కపెడతాయి. ఆ లెక్క 2,147,483,647 దగ్గర నిండుతుంది. మన టైములో అది 2038 జనవరి 19 ఉదయం 8:44:07. తర్వాతి సెకనుకు తేదీ 1901 డిసెంబర్‌కు పోతుంది. కానీ తంటా రావడానికి 2038 దాకా ఆగక్కర్లేదు. 15 ఏళ్ల ఇంటి అప్పుకు చివరి కిస్తీ తేదీ వేసే ప్రోగ్రామ్ ఇప్పుడే ఆ గీత దాటుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ రకం కాలమ్‌లో 2040 నాటి తేదీ వేసి చూడండి, స్ట్రిక్ట్ మోడ్‌లో తిప్పికొడుతుంది, లేకపోతే చప్పుడు లేకుండా సున్నాలు రాస్తుంది. ఈ రెండోదే ప్రమాదం. భవిష్యత్తు తేదీలకు డేట్‌టైమ్ రకం వాడండి, అది 9999 దాకా పడుతుంది.

ప్రశ్న: ఫైనలియర్ ప్రాజెక్టు కోడ్ ఏఐతోనే రాయిస్తున్నం. 'ఏఐ డేటాబేస్ తుడిచేసి సారీ చెప్పింది' అనే మీమ్ నిజమా, కల్పితమా?
– విద్యార్థులు, జగిత్యాల

జవాబు: నిజమే. 2025 జులైలో రెప్లిట్ అనే సంస్థ ఏజెంట్ (తనంతట తానే కోడ్ రాసి నడిపే ఏఐ), మార్పులేమీ చేయొద్దని చెప్పినా అసలు డేటాబేస్‌ను తుడిచేసింది. వెనక్కి తేవడం కుదరదని కూడా చెప్పింది, తర్వాత చూస్తే కుదిరింది. అందరూ ఆ సారీకి నవ్వారు. మనం చూడాల్సింది దానికి తుడిచే అధికారం ఎలా దొరికిందని. ఆ తర్వాత ఆ సంస్థ అభివృద్ధి డేటాబేస్‌నూ అసలు డేటాబేస్‌నూ వేరు చేసింది.

మీరూ అదే చేయండి. ఏజెంట్ నడిచే ల్యాప్‌టాప్‌లో అసలు డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండకూడదు. డాట్ ఎన్వ్ ఫైలులో ఉంటే అది చదువుతుంది. తప్పనిసరైతే సెలెక్ట్, అంటే చదివే అధికారం ఒక్కటే ఉన్న యూజర్‌ను తయారుచేసి ఇవ్వండి. రాత్రి తీసే బ్యాకప్‌ను వారానికోసారి వేరే పేరుతో తెరిచి వరసలు లెక్కపెట్టండి, తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ఏఐ చెప్పిన ప్యాకేజీ పేర్లను కూడా నమ్మొద్దు. ఒక్కోసారి లేని పేరు కల్పిస్తుంది, అదే పేరుతో ఎవరైనా చెడ్డ ప్యాకేజీ పెట్టి కాచుకోవచ్చు. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఎన్‌పీఎమ్‌లో ఎన్‌పీఎమ్ వ్యూ అని కొట్టి, ప్యాకేజీ పేరు, దాని తర్వాత టైమ్ అనే మాట ఇస్తే ఎప్పుడు పుట్టిందో, వెర్షన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో చూపిస్తుంది. నిన్నమొన్న పుట్టినదైతే పక్కన పెట్టండి. పాతదైనా పూర్తిగా నిశ్చింత లేదు: 2025 సెప్టెంబర్ 8న చాక్, డీబగ్ లాంటి పేరున్న ప్యాకేజీల్లోకే దొంగ కోడ్ చేరింది, వాటిని చూసుకునే మనిషిని ఒక నకిలీ ఈమెయిల్‌తో మోసగించి. కాబట్టి లాక్ ఫైలును గిట్‌లో పెట్టండి. డెమో రోజు ల్యాబ్ సిస్టమ్‌లో ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ కాకుండా ఎన్‌పీఎమ్ సీఐ కొట్టండి, లాక్ ఫైలులో రాసిన వెర్షన్లే వస్తాయి. ప్యాకేజ్ ఫైలూ లాక్ ఫైలూ పొసగకపోతే అది ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అప్పుడు లాక్ ఫైలు తుడిచేసి ముందుకు పోకండి, గిట్‌లో చివర బాగా నడిచిన కమిట్‌కు వెళ్లి అక్కడి నుంచి మళ్లీ కొట్టండి.